రెండు తేదీలకూ సరేనన్న సగ్డెన్ గారు

ఆర్నాల్డ్ సగ్డెన్ గారికి డెబ్బై మూడేళ్ళు. ఈ డెబ్బై మూడేళ్ళలో ఆయన నోటి నుంచి "కాదు" అన్న మాట గానీ, "లేదు" అన్న మాట గానీ, "కుదరదు" అన్న మాట గానీ విన్నవాళ్ళు ఇంగ్లండులోని మా స్కిప్టన్‌ ఊళ్ళో లేరు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారేమో చెప్పలేను కానీ, నేను వాకబు చేసినంతవరకూ లేరు. ఎవరేమడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు. "నాదేముంది తల్లీ, మీకెలా వీలైతే అలా." అడిగింది మగవాళ్ళైతే తల్లి బదులు నాయన వస్తాడు. అంతకు మించి తేడా ఉండదు.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. అలాంటి మనిషి చేత ఒక ఇల్లు అమ్మించి, ఇంకో ఇల్లు కొనిపించాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది. నాకు తెలిసింది. ఇళ్ళ ఏజెంటు దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. బేరం కుదిరిన దగ్గర్నుంచి తాళాలు చేతులు మారే దాకా అందరికీ ఫోన్లు చేసి, అందరి చేతా తిట్లు తిని, బండి ముందుకు నడపడం నా ఉద్యోగం. నా తలలో తెల్లవెంట్రుకల్లో సగం ఆ ఒక్క ఏడాది, మార్చికీ జూన్‌కీ మధ్య వచ్చినవే.

నిజానికి ఆయన సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. అప్పట్లో ఆయన బస్సు డ్రైవరు. నేను తొమ్మిదేళ్ళ పిల్లని. ఒక సాయంత్రం మార్కెట్ దగ్గర ఒక ముసలావిడ రెండు చేతుల్లో సంచులతో బస్సెక్కి, "ఇది గ్రాసింగ్టన్ పోతుందా నాయనా?" అని అడిగింది. అది కీత్లీ పోయే బస్సు. ఆ రెండూ మా ఊరికి చెరో దిక్కున ఉంటాయి. సగ్డెన్ గారు ఆవిడ ముఖం చూశాడు, సంచులు చూశాడు. "పోతుందమ్మా, కూర్చో" అన్నాడు. పోయింది. బస్సు నిండా ఉన్న బడిపిల్లలమందరం గ్రాసింగ్టన్ చూసొచ్చి, చీకటి పడే వేళకి ఇళ్ళకి చేరాం.

మర్నాడు డిపో మేనేజరు ఆయన్ని నిలబెట్టి, "మళ్ళీ ఇంకోసారి ఇలా చేస్తావా?" అని గద్దించాడట. పాపం, ఆ ప్రశ్నకి కూడా ఆయనకి వచ్చిన జవాబు ఒకటే.

రిటైరయ్యాక ఆయన్ని క్రికెట్ క్లబ్బు వాళ్ళు అంపైరుగా పిలిచారు. రానంటాడా? వెళ్ళాడు. బౌలరు వెనక్కి తిరిగి చేతులు చాచి "ఎలా ఉంది?" అని అరిచినప్పుడల్లా వేలెత్తేశాడు. అవతలివాడు అంత ఆశగా అడుగుతుంటే అవుట్ కాదని ఎలా అంటాం అని ఆయన బాధ. ఒక జట్టు పంతొమ్మిదికి, ఇంకో జట్టు పదహారుకి ముగిసిపోయాయి. మధ్యాహ్నం టీకి చేసిన సాండ్విచ్‌లు ఉదయం పదకొండున్నరకే తినేసి అందరూ ఇళ్ళకి వెళ్ళారు. ఆ తర్వాత ఆయన్ని మళ్ళీ ఎవరూ అంపైరుగా పిలవలేదు. పిలిస్తే మాత్రం వెళ్ళేవాడు.

ఇలాంటి మనిషి, భార్య పోయిన నాలుగేళ్ళకి, మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదని కాలువ పక్కనున్న తన ఇల్లు అమ్మి, మేడ లేని చిన్న ఇల్లు కొనుక్కుందామని మా ఆఫీసుకి వచ్చాడు.

మా దగ్గర ఇల్లు అమ్మడమంటే ఒక్క ఇంటి గొడవ కాదు. సగ్డెన్ గారి ఇల్లు కొనేది కీరన్, లోటీ అనే కుర్ర జంట. వాళ్ళ డబ్బు చేతికొస్తే సగ్డెన్ గారు మ్యూరియల్ ఫాసెట్ అనే పెద్దావిడ ఇల్లు కొంటాడు. గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. మామూలుగా అందరూ ఒకే రోజు కదలాలి. పొద్దున్న ఒకరి సామాను బయటికి వస్తుంటే మధ్యాహ్నం ఇంకొకరి సామాను లోపలికి పోతుంది. ఆ రోజుని మా ఆఫీసులో తాళాల రోజు అంటాం. ఆ తేదీ మీద అందరూ సంతకాలు చేసి కాగితాలు మార్చుకునేదాకా ఎవరైనా, ఏ క్షణమైనా, సారీ అని కూడా అనకుండా తప్పుకోవచ్చు. అందుకని అందరికీ లోపల గుండె దడ. పైకి మాత్రం మర్యాద.

ఆ మర్యాదే నన్ను చంపేది. మావాళ్ళు "మాకే రోజైనా ఫరవాలేదు" అన్నారంటే, ఒక్క రోజే కుదురుతుంది, అదేదో నువ్వే కనుక్కో అని. "నా గురించి ఆలోచించకండి" అన్నారంటే, ఇంతవరకూ ఎవరూ ఆలోచించలేదేమని. ఇరవై రెండేళ్ళలో ఈ భాష నాకు బాగా పట్టుబడింది. ఎవరేమన్నా నోట్‌బుక్కులో దాని అసలు అర్థమే రాసుకుంటాను.

ముందు కీరన్, లోటీల సంగతి. చేపల వేపుళ్ళ కొట్టు మీద ఒక గదిలో ఉంటున్నారు. గోడలకి చెమ్మ. నాలుగు నెలల పసిదానికి ఎప్పుడూ దగ్గే. ఇద్దరూ ఒక మధ్యాహ్నం నా బల్ల ముందు కూర్చుని, పిల్లని ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి మార్చుకుంటూ, "మాకేం తొందర లేదు జనీస్ గారూ" అన్నారు. అంటుండగానే లోటీ ఏడ్చేసింది.

వాళ్ళకి బ్యాంకు ఇచ్చిన లోను మంజూరు జూన్ పన్నెండుతో చెల్లిపోతుంది. పొడిగించమంటే కుదరదన్నారు. మంజూరైనప్పుడు లోటీకి ఉద్యోగం ఉంది, పిల్ల పుట్టాక లేదు. మళ్ళీ మొదటి నుంచి అడిగితే ఇవ్వరు.

"ఇది పోతే మాకిక ఇల్లు రాదు" అన్నాడు కీరన్. అతను వడ్రంగి. ఆ ఇంట్లో ఏ గోడకి ఏ అల్మారా చేయాలో అప్పటికే కొలతలు తీసుకుని పెట్టుకున్నాడు. ఆ కాగితం జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ మడిచి లోపల పెట్టుకున్నాడు.

కాబట్టి జూన్ పన్నెండు, గురువారం. అది దాటితే ఆ పిల్లలకి ఇల్లు లేదు. నేను ఫోనందుకుని ఫాసెట్ గారికి చేశాను.

"ఫాసెట్ గారూ, తాళాల రోజు పన్నెండు అనుకుంటున్నాం. మీకు వీలవుతుందా?"

"అయ్యో, నా కోసం ఎవరూ ఇబ్బంది పడకూడదమ్మాయ్."

"అంటే, వీలవుతుందాండీ?"

"పన్నెండు గురువారం కదూ?"

"అవునండీ."

"మంచిదే. మా ఆయన పోయింది కూడా గురువారమే."

ఫోన్ పెట్టేసి నోట్‌బుక్కులో "చచ్చినా ఒప్పుకోదు" అని రాసుకున్నాను. ఎందుకొప్పుకోదో తెలుసుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆవిడ వెళ్ళబోయేది పెద్దవాళ్ళ కోసం కట్టిన ఫ్లాట్లలోకి. అక్కడ ఆవిడ ఫ్లాటుకి ఇంకా రంగులు వేస్తున్నారు, తాళం ఇచ్చేది ఇరవై ఐదున. అంటే ఆవిడ కదలగలిగేది ఇరవై ఆరున. "ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదండీ" అంటే, "నువ్వడగలేదు కదమ్మాయ్" అంది. లాయర్ల చేత కాస్త ఒత్తిడి పెట్టించాం. నాలుగు రోజుల తర్వాత ఆవిడ లాయరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా కక్షిదారు ఎవరినీ ఇబ్బంది పెట్టదలచుకోలేదు కనుక ఇల్లు అమ్మే ఆలోచనే మానుకుందామనుకుంటున్నారు అని. ఎంత మర్యాదగా ఉందో చూడండి.

ఇక మిగిలింది మధ్యవాడు. పన్నెండన్నా ఇరవై ఆరన్నా, ఒక పక్షాన్ని గట్టిగా పట్టుకుని రెండో పక్షాన్ని లాగాల్సింది ఆయనే.

"సగ్డెన్ గారూ, కీరన్ వాళ్ళకి పన్నెండు కావాలట."

"నాదేముంది తల్లీ, వాళ్ళకెలా వీలైతే అలా."

హమ్మయ్య అనుకున్నాను. ఆ సాయంత్రమే ఫాసెట్ గారి లాయరు ఆయనకి ఫోన్ చేసి ఇరవై ఆరు ఎలా ఉంటుందని అడిగాడు.

"నాదేముంది నాయనా, ఆవిడకెలా వీలైతే అలా."

మర్నాడు ముగ్గురు లాయర్లూ నా మీద విరుచుకుపడ్డారు. మీ మనిషి రెండు తేదీలకూ ఒప్పుకున్నాడు, ఆయన అసలు ఏమంటున్నాడో కనుక్కుని రాతపూర్వకంగా పంపండి అని. మా ఓనరు గ్లెడ్‌హిల్ తన గదిలోంచి బయటికొచ్చాడు. అది సాధారణంగా ఆఫీసుకి నిప్పంటుకుంటే గానీ జరగదు.

"ఆయనకి మతి గానీ పోయిందా జనీస్?"

"మతి బాగానే ఉందండీ. కాదనడమే రాదు."

"ఎవరికైనా రాకుండా ఎలా ఉంటుంది? నువ్వు సరిగ్గా అడిగుండవు."

స్పీకర్ పెట్టి ఆయన ముందే ఫోన్ చేశాను. "సగ్డెన్ గారూ, పోనీ పంతొమ్మిది అయితే?" "బావుంటుంది తల్లీ." "జూన్ ముప్పై ఒకటి అయితే?" "నాదేముంది. అప్పటికి వానలు కూడా తగ్గుతాయి."

గ్లెడ్‌హిల్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ తర్వాత రెండు వారాలు నేనేం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో నాకే గుర్తు లేదు. ఫాసెట్ గారిని రెండు వారాలు హోటల్లో ఉండమని బతిమాలాను. "హోటల్లో దుప్పట్లు ఎవరెవరు కప్పుకుంటారో అమ్మాయ్" అంది. బ్యాంకుకి రాశాను, కుదరదని మూడు లైన్లలో రాశారు. లోటీ రోజూ పదింటికి ఫోన్ చేసి, విసిగిస్తున్నందుకు నాలుగుసార్లు సారీ చెప్పి, ఏమైనా తేలిందా అని అడిగేది. లేదు అని చెప్పడం నా వంతు. నాకు ఆ మాట బాగా వచ్చు మరి.

జూన్ ఐదు వచ్చింది. మర్నాటికల్లా కాగితాలు మార్చుకోకపోతే పన్నెండు ఇక దక్కదు. ఫోన్లతో లాభం లేదని, వానలో తడుస్తూ కాలువ పక్కకి వెళ్ళి సగ్డెన్ గారి తలుపు కొట్టాను. ఆయన నన్ను వంటింట్లో కూర్చోబెట్టి కెటిల్ పెట్టాడు.

"ఆర్నాల్డ్ గారూ, ఒక్క తేదీ చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి."

"ముందు టీ తాగు. పంచదార ఎంత?"

"తేదీ!"

"పన్నెండు."

కుర్చీలో వెనక్కి వాలాను. "దేవుడు చల్లగా చూస్తాడు మిమ్మల్ని. అయితే ఫాసెట్ గారికి ఇరవై ఆరు కుదరదని చెప్పేస్తాను."

"అదేంటి తల్లీ, ఇరవై ఆరుకి సరేనన్నానుగా."

నేను జీవితంలో కస్టమరు మీద అరవలేదు. ఆ రోజు అరిచాను. పక్కింటి వాళ్ళు రేడియో ఆపేంత అరిచాను. "ఏదో ఒకటి కాదనండి! పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కాదనండి! లేకపోతే ఆ పసిపిల్లతో వాళ్ళు ఆ చెమ్మ గదిలోనే పడుండాలి. మీ మంచితనమే వాళ్ళ ఇల్లు పోగొడుతోంది, తెలుసా మీకు?"

ఆయన ముఖం వాడిపోయింది. టీ వంపుతున్నవాడు కెటిల్ కింద పెట్టాడు. నాకు అప్పుడే సిగ్గేసింది.

"ఎందుకు పోతుంది తల్లీ?" అన్నాడు చివరికి. "ఈ ఇల్లు ఆ పిల్లలకి పన్నెండున ఇచ్చేస్తాను. ఆ ఇల్లు ఆవిడ దగ్గర ఇరవై ఆరున తీసుకుంటాను. రెండిళ్ళు కదా. రెండు తేదీలుంటే ఏం?"

"మరి మధ్యలో పద్నాలుగు రోజులు మీరెక్కడుంటారు?"

"అదెవరూ అడగలేదుగా."

మా వృత్తిలో ఇలా మధ్యవాడు ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో తలదాచుకోవడం తెలియనిదేం కాదు. కానీ ఇరవై రెండేళ్ళలో ఎవరిని అడిగినా, నువ్వు నా కిడ్నీ అడుగుతున్నావా అన్నట్టు చూశారు. అందుకే అడగడమే మానేశాను. అందరి మాటలకీ అసలు అర్థం రాసుకునే నేను, ఈయన "నాదేముంది" అంటే కూడా దాని వెనక ఇంకేదో ఉందనుకున్నాను. మా దేశం మొత్తమ్మీద ఆ మాటని నిజంగా ఆ అర్థంలోనే అన్న మనిషి ఈయనొక్కడే అని నాకు తట్టలేదు.

"ఇది ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెప్పాను. పన్నెండుకీ సరే, ఇరవై ఆరుకీ సరే అని. నువ్వు రాసుకున్నానని కూడా అన్నావు."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతోనో సంతోషంతోనో నాకే తెలియదు. టీ తాగాను. చల్లారిపోయింది.

"ఉండడానికి చోటుందా మరి?"

"ఊరి చివర నా కూరగాయల మడి దగ్గర షెడ్డుంది."

"కురవదూ?"

"ఒక మూలే." నా కప్పు తీసుకుంటూ అన్నాడు. "ఒక్క మాట తల్లీ. ఆ పిల్లలకి మాత్రం చెప్పకు. కొత్తింట్లో అడుగుపెడుతూ నా గురించి బాధపడడం ఎందుకు? మ్యూరియల్ గారికీ చెప్పకు. తెలిస్తే ఆవిడ ఆ రంగు ఆరకముందే వెళ్ళి పడుకుంటుంది."

మర్నాడు కాగితాలు మారాయి. ముగ్గురు లాయర్లూ తలో క్షమాపణ ఉత్తరం రాస్తారనుకున్నాను. బిల్లులు రాశారు.

షెడ్డు మాట నేను గ్లెడ్‌హిల్‌కి చెప్పాను. ఆయన భార్యకి చెప్పాడు. ఆవిడ మంగలిషాపు యజమాని భార్యకి చెప్పింది. సాయంత్రానికి తొమ్మిదిళ్ళ వాళ్ళు సగ్డెన్ గారిని తమ ఇంట్లో ఉండమని పిలిచారు. తొమ్మిది మందికీ ఆయన వస్తానన్నాడు. వెళ్ళాడు కూడా. సామానంతా క్రికెట్ క్లబ్బు షెడ్డులో పడేసి, చిన్న సూట్‌కేసు పట్టుకుని, ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. శనివారం ఇద్దరు ఒకేసారి పిలిస్తే, రెండు చోట్లా భోంచేసి, ఒక చోట పడుకుని, రెండు చోట్లా టిఫిన్ తిన్నాడు.

ఆ పద్నాలుగు రోజులూ వాన కురుస్తూనే ఉంది. గ్లెడ్‌హిల్ గారి సోఫా ఆయన కంటే అడుగున్నర పొట్టి. మంగలి గారింట్లో మూడు కుక్కలు, మూడూ ఆయన మీదే పడుకున్నాయి. బ్యాండులో బాకా ఊదే ఒకాయన పిలిచి, తెల్లవారుజామున అయిదింటికి సాధన చేసుకుంటే ఇబ్బందా అని అడిగాడు. ఏమన్నాడో మీకు తెలుసు. మా ఇంటికి వచ్చిన నాటికి జలుబు ముదిరింది, మెడ ఎడం వైపుకి పట్టేసింది. మా ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఆయన కిటికీ వైపు చూస్తూ జవాబులు చెప్పాడు.

ఊళ్ళో అందరికీ తెలుసు. కీరన్, లోటీలకీ ఫాసెట్ గారికీ మాత్రం ఎవరూ చెప్పలేదు. నోరు మూసుకోవడంలో మావాళ్ళకి మంచి అభ్యాసం ఉంది.

ఇరవై ఆరున ఫాసెట్ గారి ఇంటికి నేనే తాళాల కోసం వెళ్ళాను. ఆవిడ టాక్సీ బయట ఆగి ఉంది. సగ్డెన్ గారు సూట్‌కేసుతో, ఎడం వైపు మెడతో, ముక్కుకి రుమాలుతో గేటు దగ్గర నిలబడ్డాడు. వెనకాల క్లబ్బు వాళ్ళు వ్యానులోంచి బీరువా దింపుతున్నారు. సరిగ్గా అప్పుడే లోటీ చంటిదాన్ని చంకనేసుకుని, పాత ఇంటికొచ్చిన ఆయన ఉత్తరాలు పట్టుకుని వచ్చింది. బీరువాని చూసింది. సూట్‌కేసు చూసింది. మొహం మారిపోయింది.

"మీరు ఇవాళ దిగుతున్నారా? మాకు తాళాలిచ్చి రెండు వారాలైందే. మా వల్ల ఏమైనా ఇబ్బంది పడ్డారా?"

ఫాసెట్ గారు టాక్సీ తలుపు పట్టుకుని ఆగిపోయింది. "అదేంటి? నా తేదీ వల్ల గానీ మీకు కష్టం కలిగిందా సగ్డెన్ గారూ?"

ఆయన ఒకసారి ఆ పిల్ల వైపు తిరగబోయాడు, మెడ తిరగలేదు. ఒళ్ళంతా తిప్పి చూశాడు. చంటిది దగ్గడం లేదు. ఆయన వేలు పట్టుకుని లాగుతోంది.

"లేదు" అన్నాడు.

వ్యాను దగ్గర బీరువా మోస్తున్న నలుగురూ ఆగిపోయారు. నా చేతిలో తాళాల గుత్తి జారి కింద పడింది. డెబ్బై మూడేళ్ళకి ఆయన నోట ఆ మాట వచ్చింది, అదీ శుద్ధ అబద్ధం.

లోటీ నమ్మేసింది. ఫాసెట్ గారు కూడా నమ్మేసింది. ఊరంతా ఎరిగిన మనిషి లేదంటే లేదనే కదా. లోటీ కళ్ళు తుడుచుకుని, "అయితే ఆదివారం నాలుగింటికి మా ఇంటికి టీకి రావాలి, కీరన్ చేసిన అల్మారాలు చూద్దురుగాని" అంది. టాక్సీలోంచి ఫాసెట్ గారు తల బయటపెట్టి, "ఆదివారం నాలుగింటికి నేనూ పిలుద్దామనుకున్నాను, కొత్త ఫ్లాటు చూడ్డానికి" అంది.

సగ్డెన్ గారు మూడుసార్లు తుమ్మి, రుమాలు జేబులో పెట్టుకుని, ఇద్దరితోనూ వస్తానన్నాడు.